ఇల్లు దొరకని సిపాయి

రండి బిడ్డల్లారా, గడప దగ్గర ఎందుకు, లోపలికి జరగండి. ఈ గోనెపట్టా మీద నా మోకాళ్లకు తగిలేంత దగ్గరగా కూర్చోండి. నా గొంతు ఇప్పుడు అరుగు దాటి పోదు. ఈ మాటలు అరుగు దాటించి చెప్పేవి కూడా కావు. మీలో కొత్తగా కొలువుల్లో చేరినవాళ్లు ఉన్నారు. మనుషులను కాగితాల మీదికి ఎక్కించే పని మీకు ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. అందుకే ఈ ఒక్క సంగతి మీ చెవిలో వేసి పోదామని మొదలుపెట్టాను. నా చదువు మిషను బడిలో మూడో తరగతి. మాటలు వంకరగా ఉంటే సర్దుకోండి, సంగతి మాత్రం వంకర లేకుండా చెబుతాను.

నేను చేవెళ్ల దవాఖానాలో ఆయాగా చేరాను, ఆయాగానే దిగిపోయాను. పురుళ్ల గది కడగడం, బాలింతలకు వేన్నీళ్లు కాచడం, పసిబిడ్డను గుడ్డలో చుట్టి తల్లి పక్కన పడుకోబెట్టడం, నా ఉద్యోగమంతా ఇంతే. కాని నిజాం సర్కారు రోజుల్లో, పెద్ద యుద్ధం ముగిసిన కొత్తలో, పక్కింటికి చాట అరువిచ్చినట్టు నన్ను కొన్నాళ్లు తహసీలు కచ్చేరీకి అరువిచ్చారు.

మా చేవెళ్ల, మొయినాబాదు దిక్కు పల్లెల నుంచి యుద్ధానికి చాలామంది పిల్లగాళ్లు పోయారు. కరువు తట్టుకోలేక పోయినవాళ్లు, అన్నదమ్ములతో పడక పోయినవాళ్లు, ఖాకీ బట్టల మీద మోజుతో పోయినవాళ్లు. యుద్ధం ఆగాక కొందరు ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చారు. కొందరు రాలేదు. రానివాడు ఏమయ్యాడో తెలియాలంటే, పల్టన్‌లో అంటే పట్టాళంలో ఉన్న వాడి సర్వీసు కాగితం ఏ ఇంటిదో ముందు తేలాలి. పట్నంలోని సిపాయిల దఫ్తర్ ఆ కాగితాలను ఉర్దూలోకి దింపి మా కచ్చేరీకి పంపింది. ఊరూరా తిరిగి, మీ ఇంటి నుంచి ఎవరు పోయారు, ఎవరి కొడుకు, ఒంటి మీద గుర్తులేమిటి అని అడిగి, కాగితాన్ని ఇంటితో కలపాలి. అదీ పని.

ఆ పని ఒక ముసలి మున్షీ సాబుకు అప్పగించారు. అంతకు ముందటి జర్మనీ యుద్ధంలో ఆయనా సిపాయే. ఎడమకాలు ఈడ్చి నడిచేవాడు. ఎవరైనా ఆ కాలి సంగతి అడిగితే, "సర్కార్‌కు అరువిచ్చిన, ఇంకా వాపస్ రాలే" అనేవాడు. నమాజు తప్పేవాడు కాదు, నవ్వూ తప్పేవాడు కాదు.

ఆయనకు వచ్చిన చిక్కల్లా ఆడవాళ్లతో. కచ్చేరీ బండి ఊళ్లోకి వచ్చిందంటే మళ్లీ పిల్లలను పల్టన్‌కు పట్టుకుపోతారేమోనని తల్లులకు భయం. చేవెళ్లకు పడమట ఒక పల్లెలో ఒక ముసలామె ఆయనను వాకిట్లోనే ఆపి, "ఎవలు గావాలె?" అందట. ఈయన తన తెలుగులో, "నీ కొడుకు కావాలమ్మా" అన్నాడట. ఆమె రోకలి అందుకుంది. ఒంటి మీద గుర్తులు అడిగేసరికి, "నా కొడుకు ఒళ్లు నీకెందుకురా ముసలోడా" అని రోకలి పైకెత్తింది. ఆ సాయంత్రమే ఆయన మా దవాఖానాకు వచ్చాడు.

"డాక్టర్ సాబ్, నాకు బందూకు ఎరుకే గాని రోకలి ఎరుకలేదు. మీ దగ్గర ఒక ఆడమనిషిని ఇయ్యుండ్రి" అన్నాడు.

డాక్టరు నన్ను చూపించాడు. అట్లా పడ్డాను నేను ఆ పనిలో.

కచ్చేరీలో మున్షీ సాబు కూర్చునే చోట కుడి పక్క ఒక కట్ట, ఎడమ పక్క ఒక కట్ట ఉండేవి. కుడి కట్టలో, మా మనిషి పోయాడని చెప్పిన ఇండ్లు. వాటికి కాగితం దొరకలేదు. ఎడమ కట్టలో పల్టన్ కాగితాలు. వాటికి ఇల్లు దొరకలేదు. ఎడమ కట్టను ఆయన 'లావారిస్' అనేవాడు, దిక్కులేనిదని. "ఈ రెండిటి నడుమ కూసుంటున్న బేటీ. ఒక దిక్కు ఏడుస్తనే ఉంటది. ఒక దిక్కు సప్పుడు చెయ్యది" అని ఒకసారి నాతో అన్నాడు. అప్పుడు మాత్రం నవ్వలేదు.

ఆయనకు ఒక నియమం ఉండేది. కాగితంలోని పేరు మేము ముందుగా నోట పలకకూడదు. ఇంటివాళ్లే చెప్పాలి. మొదట్లో ఒక ఊళ్లో ఆయన చావడి దగ్గర నిలబడి పేరు చదివితే, ఆ పేరు వినగానే మూడిండ్ల తల్లులు మా వాడే మా వాడే అని పరుగెత్తుకొచ్చారట. ఒక్కరూ అబద్ధమాడాలని ఆడలేదు. "ఆశకు చెవులు ఎక్కువ" అనేవాడు. అందుకే కాగితంలో ఏముందో నాకు కూడా చెప్పేవాడు కాదు. "నీ మొకంల కనబడితే చాలు, తల్లులు చదివేస్తరు" అనేవాడు. మంచి నియమమే. ఇప్పటికీ మంచిదనే అంటాను. కాని ఎంత మంచి దర్వాజా అయినా ఒక్కోసారి రావలసినవాడి మీదే మూసుకుంటుంది.

ఎడమ కట్టలోని ఒక కాగితం మమ్మల్ని మొయినాబాదు దిక్కు తిప్పింది. దాని మీద రాసి ఉన్న ఊరు ఇప్పుడు లేదు. హిమాయత్ సాగర్ కట్టినప్పుడు నీళ్ల కిందికి పోయింది. పల్టన్ వాళ్లు ఇంటికి పంపిన తపాలా, ఆ పేరుతో ఊరే లేదని వెనక్కి వెళ్లిపోయింది. ఆ ఊరి జనం మెరకకు వచ్చి తలో దిక్కు ఇండ్లు వేసుకున్నారు. అడుగుతూ పోతే, కాగితంలో తండ్రిగా రాసిన తాపీ మేస్త్రి ఇల్లు మొయినాబాదు పక్కన దొరికింది. మేస్త్రి చనిపోయాడు, భార్య ఉంది. క్రైస్తవుల ఇల్లు. దర్వాజా పైన సున్నంతో దిద్దిన సిలువ. నేనూ క్రైస్తవుల ఇంటి పిల్లనే కాబట్టి ఆమె నన్ను నేరుగా వంటింట్లోకే పిలిచింది.

"అవ్వా, మీ ఇంట్ల నుంచి పల్టన్‌కు ఎవలన్న పోయిండ్రా?" అని అడిగాను.

"మా ఇంట్ల మొగపిల్లగాండ్లే లేరు బిడ్డా. అందరు ఆడపిల్లలే. దేవుని దయ, అందరు బతికి బట్టగట్టిండ్రు."

"మరి అల్లుండ్లు?"

"అల్లుండ్లా! పెండ్లాలను జూస్తెనే వణుకుతరు, ఇగ యుద్ధానికి ఏం బోతరు?" అని నవ్వి, ఇద్దరికీ చల్ల పోసి పంపింది.

మున్షీ సాబు 'ఇల్లు కాదు' అని రాసుకుని ఆ కాగితాన్ని మళ్లీ లావారిస్ కట్టలోనే పెట్టాడు. బండిలో వస్తూ వస్తూ ఎందుకో తనలో తాను నవ్వుకున్నాడు. ఎందుకని అడిగితే, "పల్టన్‌ల చిత్రమైన మనుషులుంటరు బేటీ" అని ఊరుకున్నాడు.

తర్వాత కొన్ని వారాలకు నన్ను వెంటబెట్టుకుని ఆ రోకలి ముసలామె ఇంటికి బయలుదేరాడు. అప్పటికే ఆ ఇంటి గొడవ కచ్చేరీ దాకా వచ్చింది. ఆమెకు ఒక్కడే కొడుకు. పెండ్లయిన ఏడాదికే పల్టన్‌కు పోయాడు. మొదట ఎవరిచేతో రాయించిన కబురు వచ్చింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏమీ లేదు. కోడలు అత్త దగ్గరే ఉండి చెలక చేసుకుంటోంది. తిరిగొచ్చిన పక్క ఊరి సిపాయి ఒకడు, బొంబాయి స్టేషన్లో అచ్చం వాడిలాంటి మనిషిని చూశానన్నాడు. ఆ మాట ఊళ్లో పడి కాళ్లు, చేతులు మొలిపించుకుంది. పల్టన్ నుంచి పారిపోయాడట, బొంబాయిలో ఇంకోదాన్ని ఉంచుకున్నాడట. కోడలి అన్న వచ్చి, చెల్లెల్ని తీసుకుపోయి మారు మనువు చేస్తానని కూర్చున్నాడు. మొగుడు చనిపోయాడని తేలితే మారు మనువు వాళ్ల కులంలో తప్పు కాదు. బతికి ఉంటే మాత్రం కులం ముందు తలదించుకోవాలి.

మేము వెళ్లేసరికి ఆ అన్న అరుగు మీదే ఉన్నాడు.

"ఎన్నొద్దులు జూస్తవ్ పెద్దమ్మా? ఆడు పారిపోయిండని ఊరంత అంటున్నది."

"ఊరంత అంటున్నది గని, ఊరంత జూసిందా? నువ్వు జూసినవా?" అంది ఆమె.

"జొన్నకోతలు కాంగనే తోల్కపోత. ఇగ నీ ఇష్టం."

ఆమె మున్షీ సాబు దిక్కు తిరిగింది. ఆ రోజు ఆమె చేతిలో రోకలి లేదు.

"అయ్యా, ఆనాడు నిన్ను కొట్టవోయిన, మనసుల పెట్టుకోకు. సచ్చిండంటె సచ్చిండని చెప్పు. బతికిండంటె బతికిండని చెప్పు. పారిపోయిండంటె అదన్న చెప్పు. ఈ పిల్లను గాజులతోని ఉంచాల్నా, గాజులు దీసి పంపాల్నా? నాకు ఒక్క మాట గావాలె, గంతే."

కోడలు దర్వాజా చాటున నిలబడి వింటోంది. గాజుల చేయి మాత్రమే కనిపిస్తోంది.

నేను పక్కన కూర్చుని ఒంటి గుర్తులు అడిగాను. మోకాలి మీద కొడవలి గాటు అంది. అది మా దిక్కు ఎవరికి లేదు? ఇంకా ఏమన్నా ఉందా అన్నాను.

"కుడి ముక్కు కుట్టిచ్చిన చిన్నప్పుడు. ఆ బెజ్జం పూడలె."

మున్షీ సాబు కలం ఆగింది. మెల్లగా అడిగాడు.

"అమ్మా, మొగపిల్లగానికి ముక్కు ఎందుకు కుట్టిచ్చినవ్?"

"అమ్మిన బిడ్డ గదా. కుట్టియ్యకుంటె ఎట్ల?"

"అమ్మినవా? కన్న కొడుకును?"

"చాటెడు తవుడుకు" అంది ఆమె, సంతలో గుమ్మడికాయ ధర చెప్పినట్టు.

మున్షీ సాబు ముఖంలో నెత్తురు చుక్క లేదు. అరుగు మీది అన్న పకపకా నవ్వాడు. "గట్ల భయపడకు సాబ్, దీనికి జైలు లేదు" అన్నాడు.

ఈ కాలం పిల్లలు కదా, మీకూ చెప్పాలి. వరుసగా బిడ్డలు పోతున్న ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే, ఆ పసిగుడ్డును చాటలో పెట్టి, బిడ్డలంతా బతికిన ఇల్లాలికి అమ్మేవారు. ధర చాటెడు తవుడు. బిడ్డ పెరిగేది కన్నతల్లి దగ్గరే. కాని మాటకు వాడు కొన్నతల్లి కొడుకు. పేరు కూడా ఆమె పెట్టిందే. చావు ఈ ఇంటికి వెతుక్కుంటూ వస్తే, ఇక్కడ మా బిడ్డ ఎవడూ లేడు అని చెప్పడానికి. ముక్కు కుట్టించడం అందుకు గుర్తు. పెండ్లినాడు తవుడు తిరిగిచ్చి, బిడ్డను విడిపించుకోవాలి.

ఆమె తన కథ చెప్పుకుపోతోంది. "ఆని ముంగట పుట్టినోళ్లందరు పురిట్లనే పోయిండ్రు. గప్పుడు మా ఊళ్లె మిషను బడి కడుతుండ్రి. కట్టే మేస్త్రి, ఆని పెండ్లాం మా పక్కింట్ల ఉండిరి. ఆమె పిల్లలు ఒక్కలు పోలె, అందరు గుండ్రాళ్ల లెక్క ఉండిరి. కాళ్లు పట్టుకున్న. మా పాస్టరు కోప్పడుతడు అక్కా, ఇసొంటివి మేం చెయ్యం అన్నది. మల్ల ఆన్ని జూసి మనసు కరిగి తవుడిచ్చి కొన్నది. బైబిలు పేరు పెట్టింది. ఆ పేరు మా ఇంట్ల ఎవ్వలం పిలువలె, దాచిపెట్టినం."

"పెండ్లిల విడిపించుకున్నవా అవ్వా?" అని అడిగాను.

"లేదు బిడ్డా. భయమైంది. మల్ల నా పేరు మీదికి వస్తె చావుకు వాసన తగుల్తదని. పల్టన్‌కు పోయేనాడు సుత ఆని చెవుల చెప్పిన. కొడుకా, చావు తిరిగే కాడికి పోతున్నవ్. నా పేరు చెప్పకు. నీ అయ్య పేరు చెప్పకు. ఎవలడిగినా మేస్త్రి కొడుకునని చెప్పు, ఆమె పెట్టిన పేరే చెప్పు, ఆళ్ల ఊరే చెప్పు అన్న."

అరుగు మీది అన్న నవ్వు ఆగిపోయింది. మున్షీ సాబు కలం మూత పెట్టాడు. "రేపు బండి తెస్త. మీరిద్దరు మొయినాబాదు రావాలె" అని లేచాడు.

ఊరు దాటాక, మొయినాబాదు ఎందుకని నేను ఉండబట్టలేక అడిగాను. ఆయన అప్పుడు చెప్పాడు. లావారిస్ కట్టలోని ఆ కాగితం మీద కుడి ముక్కుకు బెజ్జం అని ఉంది. అది చదివే ఆ రోజు నవ్వుకున్నాడట. ఆ సిపాయి బర్మా సరిహద్దులో జ్వరాల దవాఖానాలో చనిపోయాడు. పారిపోలేదు. చివరి రోజు దాకా హాజరు ఉంది.

"అయితె ఆమెకు చెప్పొచ్చు గదా సాబ్? రేపటి దాకా ఎందుకు?"

"ముక్కుకు బెజ్జం ఈ ముల్కుల ఒక్కనికే ఉంటదా బేటీ? కాగితం మీద ఇంకొక తల్లి ఉన్నది. వాని పేరు ఆమె నోటెంట రావాలె. నేను ఇయ్యాల ఈయమ్మకు సావు చెప్పి, రేపు వాడు నడుసుకుంట వస్తే? నేను బతికున్నోన్ని సంపినట్టయితది."

మర్నాడు పొద్దున్నే బండి కట్టారు. చేవెళ్ల నుంచి మొయినాబాదుకు ఆ దారి నాకు కొత్త కాదు. కాని అంత పొడుగు దారి ఎన్నడూ చూడలేదు. రెండు పక్కలా జొన్న చేలు కంకి మీద ఉన్నాయి, చింతచెట్ల నీడ దారి మీద పడి ఉంది. ముసలామె జొన్నరొట్టెలు, మిరపతొక్కు మూట కట్టుకొచ్చింది, కొన్నతల్లికి ఇవ్వడానికి. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది.

"ఆమె చెయ్యి మంచిది బిడ్డా. ఆమె ఇంటి కెల్లి ఒక్క పిల్ల పోలె. ఆని కాగితం మీద ఆమె పేరే రాయిచ్చి ఉంటడు గదా సాబ్? ఇగ చావుకు ఏం ఎరుక, ఆడు నా కొడుకని?"

మున్షీ సాబు ఎద్దుల దిక్కు చూస్తూ, "అవునమ్మా" అన్నాడు. నేను మూట ముడి సరిచేస్తూ కూర్చున్నాను.

చింతచెట్ల కింద ఎద్దులకు నీళ్లు పెట్టడానికి బండి ఆపారు. ముసలామె ముఖం కడుక్కోవడానికి దిగింది. కోడలు నా పక్కకు జరిగింది.

"అక్కా, పొద్దటి సంది నువ్వు నా మొకం జూస్తలేవు."

నేను తలెత్తాను. ఎత్తకుండా ఉండవలసింది. మున్షీ సాబు చెప్పింది నిజమే, మొహం చదవడానికి చదువు అక్కరలేదు. ఆ పిల్ల చేతి గాజులను ఒకసారి మోచేతి దాకా తోసుకుంది, మళ్లీ కిందికి జార్చుకుంది. అత్త తిరిగి వస్తుంటే లేచి చెయ్యిచ్చి బండి ఎక్కించింది.

మేస్త్రి ఇంటి ముందు బండి ఆగింది. మున్షీ సాబు ముసలామెను, కోడలిని బండిలోనే ఉండమన్నాడు. నన్ను ముందుకు పంపి, తాను వాకిట్లో నిలబడ్డాడు. మేస్త్రి భార్య పశువుల కొట్టం దగ్గర బర్రెకు కుడితి కలుపుతోంది.

"మల్ల వచ్చినవా బిడ్డా? నా అల్లుండ్లను పట్కపోనీకి వచ్చినవా ఏంది?" అంది నవ్వుతూ.

"అవ్వా, ఈసారి ఒక్క మాట వేరే అడుగుత. నువ్వు ఎన్నడన్న ఎవలి బిడ్డనన్న కొన్నవా?"

ఆమె చేయి కుడితిలోనే ఆగిపోయింది. నన్ను చూసింది, నా వెనక బండిని చూసింది. బండిలోని ముసలామె అప్పటికే దిగి వస్తోంది, ఉండమంటే ఉండే మనిషి కాదు కదా. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎన్ని ఏళ్లయిందో, జుట్టు నెరిసిపోయింది ఇద్దరికీ.

"అక్కా! నువ్వేనా? మరి ఆడేడి? నా కొడుకేడి?" అంటూ కొన్నతల్లి వాడి పేరు పిలిచింది. ఆ బైబిలు పేరు, వాడికి తానే పెట్టిన పేరు. వాడు కూడా బండిలో వచ్చాడేమోనన్నట్టు అటు చూస్తూ పిలిచింది.

మున్షీ సాబు కళ్లు మూసుకున్నాడు. కాగితంలోని పేరు అదే.

ఆయన తలమీది టోపీ సరిచేసుకున్నాడు. ఈడ్చుకునే ఆ ఎడమకాలిని కుడికాలి పక్కకు తెచ్చి, పల్టన్‌లో నిలబడినట్టు నిలబడ్డాడు.

"అమ్మా, ముందుగాల ఒక మాట. మీ కొడుకు పారిపోలే. ఒక్కరోజు సుత పారిపోలే."

ఆ మాట వెనక వచ్చేదేమిటో అక్కడున్న అందరికీ తెలిసింది. అయినా ఆయన సగంలో ఆపలేదు. చెప్పవలసినదంతా చెప్పాడు. బర్మా సరిహద్దు, అడవి జ్వరం, దవాఖానా. పాద్రి ప్రార్థన చదివి మట్టి చేశాడు, పైన సిలువ నాటారు.

కొన్నతల్లి కూలబడింది. "పల్టన్‌కు పోయిండని నాకు ఎవలు చెప్పిండ్రు? నన్నడిగితె నాకు కొడుకుల్లేరంటి! నా నోటితోని నేనే లేడంటి!" అని నెత్తి కొట్టుకుని ఏడ్చింది. కోడలు బండి చక్రం పట్టుకుని నిలబడిపోయింది.

కన్నతల్లి మాత్రం ఏడవలేదు. రొట్టెల మూట ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"చావుకు దొరకకుండ దాచిననుకున్న" అంది. "నాకే దొరకకుండ దాచుకున్న."

నేను వెళ్లి పట్టుకున్నాను. "ఏడువు అవ్వా, లోపల పెట్టుకోకు" అన్నాను. దవాఖానాలో అందరికీ చెప్పే మాట అది. ఆమె నా చేయి తీసేసింది.

"నేనెట్ల ఏడుస్త బిడ్డా? ఆన్ని అమ్మిన గద. విడిపిచ్చుకోలె గద. ఆడు ఇంక ఆమె కొడుకే. ఏడుపు ఆమెదే." ఆగి, కొన్నతల్లి దిక్కు చూసింది. "చెల్లె, ఆన్ని నాకియ్యి. నీ తవుడు నీకిస్త."

కొన్నతల్లి కన్నీళ్లలోనే తలెత్తి, "ఇప్పుడెందుకక్కా ఇదంత? ఆడే లేకపాయె" అంది. కన్నతల్లి అలాగే నిలబడి చూస్తూ ఉండేసరికి, లేచి కొట్టంలోకి పోయి తవుడు కుండ తెచ్చి ముందు పెట్టింది.

"నీ ఇంటి తవుడుతోని నీ దగ్గర కొంటె బేరమైతదా చెల్లె?" అంది కన్నతల్లి.

అప్పటిదాకా కదలని కోడలు అప్పుడు కదిలింది. కళ్లు తుడుచుకుని పక్కింటి వాకిట్లోకి పోయి ఏదో అడిగింది. ఆ ఇంటి ఇల్లాలు ఎందుకని అడగలేదు. చాట నిండా తవుడు పోసి ఇచ్చింది. ఆ పిల్ల దాన్ని తలమీద కాకుండా, పసిబిడ్డను తెచ్చినట్టు రెండు చేతుల్లో పట్టుకుని తెచ్చి అత్త చేతుల్లో పెట్టింది.

కన్నతల్లి చాట వంచింది. కొన్నతల్లి కొంగు పట్టింది. తవుడు జారిన చప్పుడు ఎంతో ఉండదు మీకు తెలుసు కదా. ఆ వాకిట్లో ఆ రోజు అదొక్కటే వినిపించింది. తర్వాత కొన్నతల్లి ఖాళీ చాటను రెండు చేతులా అందుకుని, ఒకప్పుడు ఏ మాట అని బిడ్డను తీసుకుందో దానికి తిరుగు మాట అంది.

"నీ కొడుకును నువ్వు తీస్కపో అక్కా."

ఖాళీ చాటను తిరిగి కన్నతల్లి చేతుల్లో పెట్టింది. దాన్ని తీసుకునేటప్పుడు ఆమె చేతులు కిందికి వంగాయి. నేను ఎందరో తల్లుల చేతుల్లో బిడ్డలను పెట్టినదాన్ని, బరువు అందుకునే చేయి ఎట్లా వంగుతుందో నాకు తెలుసు. ఆ చాటను గుండెలకు అదుముకుని అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు గురించి చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. కొన్నతల్లి కొంగులో తవుడుతోనే ఆమెను పట్టుకుంది. ఇద్దరి మధ్యా తవుడు రాలి ఇద్దరి చీరలకూ అంటుకుంది.

మున్షీ సాబు వాళ్లకు వీపు తిప్పి నిలబడి ఉన్నాడు. చాలాసేపయ్యాక ముసలామే పిలిచింది.

"అయ్యా, ఇప్పుడు రాయి. ఆడు నా కొడుకు."

ఆయన అరుగు మీద కూర్చుని రాశాడు. తల్లి పేరు రాసే గడి కాగితంలో ఒక్కటే ఉంటుంది. అందులో మొదట కన్నతల్లి పేరు రాశాడు. కాసేపు ఆలోచించి, దాని పక్కనే, గడి గీత దాటుతూ, కొన్నతల్లి పేరూ రాశాడు. తర్వాత కచ్చేరీలో కాగితాలు సరిచూసే పేష్కార్ దాన్ని పట్టుకుని, "ఏంది మున్షీ, ఒక్క మనిషికి ఇద్దరు తల్లులా?" అని గద్దించాడు. "ఇద్దరు ఏడ్చిండ్రు సాబ్. నేను అక్కడనే ఉన్న" అన్నాడు మున్షీ సాబు. కాగితం అట్లాగే పట్నం పోయింది. ఎవరూ తిప్పి పంపలేదు.

తిరుగు దారిలో ఆ పిల్ల గాజులు ఎవరూ పగలగొట్టలేదు. తానే ఒక్కొక్కటీ తీసి అత్త ఒడిలోని చాటలో వేసింది. జొన్నకోతలయ్యాక అన్న వచ్చాడు. అత్తే ఆ పిల్లకు తల్లి స్థానంలో కూర్చుని మారు మనువు చేసింది, తనే కొత్త గాజులు తొడిగింది. 'పారిపోయినోడి పెండ్లాం' అన్న మాట ఊళ్లో మళ్లీ ఎవరి నోటా రాలేదు. ఆ పిల్ల తొలి కాన్పుకు మా దవాఖానాకే వచ్చింది. బిడ్డను గుడ్డలో చుట్టి నేనే పక్కన పెట్టాను. అత్త గడప దగ్గరే కూర్చుని ఉంది. ముక్కు కుట్టించాలా అవ్వా అని మెల్లగా అడిగాను. "వద్దు బిడ్డా. ఉన్నన్ని దినాలు మా పేరు మీదనే ఉండనియ్యి" అంది.

ఆ తర్వాత మున్షీ సాబు నియమం మార్చలేదు గాని, అడిగే మాటలకు ఒకటి కలిపాడు. మీ ఇంటి నుంచి ఎవరు పోయారు అని అడిగాక, మీ వాళ్లు అనుకునే బిడ్డ ఇంకెవరి ఇంట్లోనైనా ఉన్నాడా అని కూడా అడిగేవాళ్లం. దానితో లావారిస్ కట్టలోంచి కొన్ని కాగితాలకు ఇండ్లు దొరికాయి. అన్నిటికీ దొరికాయని మీతో అబద్ధం చెప్పను. మిగిలిన కట్టను పట్నం వాళ్లు తిరిగి పంపమన్నారు. దాన్ని బండిలో పెట్టేటప్పుడు మున్షీ సాబు లేచి నిలబడ్డాడు, ఆ ఎడమకాలిని కుడికాలి పక్కకు తెచ్చుకుని. నన్ను మళ్లీ దవాఖానాకు పంపేశారు.

మీరు కొలువుల్లో మనుషులను అడుగుతారు, వాళ్లు చెప్పింది రాసుకుంటారు. లేదు అన్నవాళ్లందరి దగ్గరా లేదనే ఉండదు బిడ్డల్లారా. అడిగే మాట ఇంకొక్కటి ఉందేమో చూసుకుని లేవండి.

చీకటి పడుతోంది, మీ ఇండ్లలో దీపాలు పెట్టే వేళయింది, లేవండి. మీ ఇండ్లు చల్లగా ఉండాలి. మీ గడప దాటి వెళ్లినవాళ్లు మీ పేరు చెప్పుకునే తిరగాలి, మీ గడపకే తిరిగి రావాలి. మీ ఇంటి చాట ఎప్పుడూ గింజలు చెరగడానికే ఉండాలి, మీ ఇంటి తవుడు ఎప్పుడూ పశువుల కుడితిలోకే పోవాలి.